మర్చిపోయే మనిషిని లెక్కలోకి తీసుకునే చట్టం కావాలి

గర్భనిరోధక మాత్రలు ఎప్పుడన్నా వాడినవాళ్ళకి ఆ స్ట్రిప్పు కళ్ళు మూసుకున్నా కనిపిస్తుంది. వెనక రేకు మీద సోమ, మంగళ, బుధ అని వారాల పేర్లు, ఒక మాత్ర దగ్గర్నుంచి పక్క మాత్రకి చిన్న బాణం గుర్తు, వరసకి 7 చొప్పున 3 వరసలు, మొత్తం 21. కొన్ని రకాల్లో నాలుగో వరస ఇంకో రంగులో ఉంటుంది, వాటిల్లో హార్మోను ఉండదు, రోజూ వేసుకునే అలవాటు తప్పకూడదని పెట్టిన ఉత్త మాత్రలవి. నేను కొన్నేళ్ళు వాడాను. రాత్రి పళ్ళు తోముకున్నాక లైటు ఆర్పేసి, ఖాళీ అయిపోయిన గుంటల్ని వేలితో తడుముకుంటూ పోయి మొదటి ఉబ్బు తగిలిన చోట నొక్కడం, టప్‌మని రేకు చిరగడం, అంతే పని. ఇంత చిన్న పని మీద నా చదువు, నా ఉద్యోగం, నా ఆరోగ్యం అన్నీ ఆధారపడి ఉన్నాయని ఆ రోజుల్లో నాకు తట్టనేలేదు.

ఈ స్ట్రిప్పు మొదట్నుంచీ ఇలా లేదు. 1960లో అమెరికాలో ఈ మాత్రకి అనుమతి వచ్చినప్పుడు అన్ని మందుల్లాగే సీసాలో పోసి ఇచ్చేవాళ్ళు. సీసాలోంచి తీసి వేసుకుంటే ఇవాళ వేసుకున్నామా లేదా అన్నది ఎవరికి గుర్తుంటుంది? ఇల్లినాయ్ రాష్ట్రంలో డేవిడ్ వాగ్నర్ అని ఒక ఇంజనీరు ఉండేవాడు, నాలుగో బిడ్డ పుట్టాక ఆయన భార్య ఈ మాత్రలు మొదలుపెట్టింది, వేసుకున్నావా వేసుకున్నావా అని ఈయన రోజూ అడగడం, ఆవిడకి చిరాకు రావడం. చివరికి ఆయన ఒక కాగితం మీద వారాల పేర్లు రాసి, ఒక్కో పేరు మీద ఒక్కో మాత్ర పెట్టి అలమార మీద ఉంచాడు. మాత్ర ఉంటే వేసుకోలేదు, లేకపోతే వేసుకుంది. కొన్నాళ్ళు బానే నడిచింది, తర్వాత ఒకరోజు ఏదో తగిలి కాగితం, మాత్రలు అన్నీ కింద పడిపోయాయి. అప్పుడు కూర్చుని ప్లాస్టిక్ ముక్కలు, రెండువైపులా అంటుకునే టేపు, పిల్లల బొమ్మలోంచి ఊడదీసిన ఒక బిళ్ళ ఇలాంటివన్నీ పెట్టి గుండ్రంగా తిరిగే డబ్బా ఒకటి తయారుచేశాడు. 1962లో పేటెంటుకి పెట్టుకున్నాడు, ఏడాది తిరక్కుండానే మందుల కంపెనీలు అదే పద్ధతిలో అమ్మడం మొదలుపెట్టాయి. ఇవాళ మన చేతికొచ్చే స్ట్రిప్పులో బాణాలు, వారాల పేర్లు అన్నీ ఆ ఆలోచనకి వారసులే.

ఇందులో నన్ను పట్టుకున్న సంగతి ఒకటుంది. ఆయన భార్యతో నువ్వు జ్ఞాపకం పెంచుకో, జాగ్రత్తగా ఉండు, బాధ్యత తెలుసుకో అని చెప్పి ఊరుకోలేదు. మనిషన్నాక మర్చిపోవడం మామూలే అని ఒప్పుకుని, మర్చిపోయే మనిషి చేతిలో కూడా పనిచేసేలా వస్తువుని మార్చాడు. గర్భనిరోధకాల మీద చట్టం రాసేవాళ్ళ దగ్గర్నుంచి నేను కోరేది కూడా ఇదే. ఎప్పుడూ మర్చిపోని, ఎప్పుడూ డబ్బుకి ఇబ్బంది లేని, ఎవరినైనా మొహమాటం లేకుండా అడగగలిగే, డాక్టరు అపాయింట్‌మెంటు కోసం సెలవు పెట్టుకోగలిగే మనిషిని ఊహించుకుని చట్టం రాస్తే అది ఎవరికీ పనికిరాదు, ఎందుకంటే అలాంటి మనిషి లేదు.

నాకు జరిగింది చెప్తాను. 21 మాత్రలు అయిపోయాక 7 రోజులు విరామం, ఎనిమిదో రోజు కొత్త స్ట్రిప్పు మొదలుపెట్టాలి, ఇది పద్ధతి. నాకు డాక్టరు రాసిచ్చిన చీటీ మూడు నెలలకే. మూడో స్ట్రిప్పు అయిపోయి విరామంలో ఉన్నప్పుడు గానీ చీటీ గడువు దాటిపోయిందని చూసుకోలేదు. క్లినిక్‌కి ఫోన్ చేస్తే డాక్టరు గారు చూడకుండా రాయరండీ, అపాయింట్‌మెంటు 9 రోజుల తర్వాత ఉంది అన్నారు. మందుల షాపులో చీటీ లేనిదే ఇవ్వం అన్నారు. అంటే 7 రోజులు ఉండాల్సిన విరామం 12 రోజులయ్యింది. మాత్ర మధ్యలో ఒకటి మర్చిపోతే పెద్ద ప్రమాదం లేదు గానీ ఈ విరామం పొడుగైతేనే అసలు ప్రమాదం, అండాశయాలు మళ్ళీ పని మొదలుపెట్టేది అప్పుడే, ఈ సంగతి నాకు అప్పుడు తెలీదు. అపాయింట్‌మెంటు రోజున వెళ్తే బీపీ చూశారు, తలనొప్పులు వస్తున్నాయా అని అడిగారు, సిగరెట్ తాగుతావా అని అడిగారు, అదే మాత్ర పేరు మళ్ళీ మూడు నెలలకి రాసిచ్చారు. నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ నాలుగు నిమిషాల కోసం ఆగిన ఫలితం, తర్వాతి నెల డేటు దాటిపోయి ఆరు రోజులు గడిచాక గానీ నాకు ఊపిరి ఆడలేదు. ఆ ఆరు రోజులూ బాత్రూంకి వెళ్ళిన ప్రతిసారీ చూసుకోవడం, కేలండర్ తీసి వేళ్ళ మీద లెక్కపెట్టడం, ఎవరికీ చెప్పుకోలేకపోవడం, ఆడవాళ్ళలో చాలామందికి ఇది వేరే చెప్పక్కర్లేదు.

నాకు ఏమీ కాలేదు. కానీ ప్రపంచం మొత్తం మీద ఏడాదికి సుమారు 12 కోట్ల 10 లక్షల గర్భాలు అనుకోకుండా వస్తున్నవే అని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2022 నివేదికలో చెప్పింది, అంటే వచ్చే గర్భాల్లో దాదాపు సగం. గర్భం వద్దనుకుంటూ కూడా నమ్మకమైన ఆధునిక పద్ధతి ఏదీ వాడని ఆడవాళ్ళు 25 కోట్ల పైనే అని అదే నివేదికలో ఉంది. ఇంతమందికీ చైతన్యం లేదు, చదువు లేదు అనేస్తే మన పని తేలికైపోతుంది. అందులో ఎంతమంది నాలాగా ఒక తలుపు దగ్గర ఆగిపోయినవాళ్ళో అని నేను ఆలోచిస్తా.

మాత్ర గురించి డాక్టర్లు చెప్పే లెక్క ఒకటుంది. ఒక్కరోజు కూడా తప్పకుండా వేసుకుంటే ఏడాదిలో 100 మందిలో ఒక్కరికి కూడా గర్భం రాదు. జనం నిజంగా వేసుకునే తీరులో అయితే 7 మందికి వస్తుంది. కండోమ్ అయితే పద్ధతిగా వాడితే 2, మామూలుగా వాడే తీరులో 13. ఈ రెండు అంకెల మధ్య ఉన్న తేడాని మనం వెంటనే ఆడవాళ్ళ నిర్లక్ష్యం కింద రాసేస్తాం. ఆ తేడాలో మరుపు ఎంతో కొంత ఉంది, ఒప్పుకుంటా. మూసేసిన షాపులు, అయిపోయిన చీటీలు, లేని డబ్బులు, మొగుడికి తెలీకుండా దాచుకోవాల్సిన స్ట్రిప్పులు కూడా అందులోనే ఉన్నాయి. చట్టం మార్చగలిగింది ఈ రెండో భాగాన్నే.

చట్టాలు ఇందులోకి ఎందుకు రావాలి, ఇది ఇంట్లో భార్యాభర్తల సంగతి కదా అనేవాళ్ళున్నారు. చట్టం ఎప్పుడో వచ్చి కూర్చుంది అండీ, మనం పిలవలేదు. 1873లో అమెరికాలో కామ్‌స్టాక్ చట్టం అని వచ్చింది, గర్భనిరోధక సాధనాలు, వాటి గురించి సమాచారం పోస్టులో పంపితే అశ్లీలం కింద నేరం. కనెక్టికట్ రాష్ట్రం 1879లో ఇంకో అడుగు ముందుకేసి వాడకాన్నే నేరం చేసింది, అంటే పెళ్ళైన ఇద్దరు సొంత ఇంట్లో సొంత గదిలో వాడినా సరే. 1916లో మార్గరెట్ సాంగర్ అనే నర్సు న్యూయార్క్ బ్రూక్లిన్‌లో గర్భనిరోధక క్లినిక్ తెరిస్తే పది రోజులకే పోలీసులు వచ్చి మూయించారు. కనెక్టికట్ చట్టం 1965 దాకా బతికింది, ఎస్టెల్ గ్రిస్‌వోల్డ్ అనే ఆవిడ, ఆవిడతోపాటు ఒక డాక్టరు కావాలని క్లినిక్ తెరిచి అరెస్టయ్యి, తలా 100 డాలర్లు జరిమానా పడితే దాన్ని సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్ళి కొట్టేయించారు. అది కూడా పెళ్ళైనవాళ్ళకే. పెళ్ళికానివాళ్ళకి హక్కు రావడానికి 1972 దాకా ఆగాల్సొచ్చింది.

అందరికన్నా ఐర్లండ్ కథ దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతా, ఎందుకంటే ఒకే దేశంలో, ఒక మనిషి ఆయుష్షులో, చట్టం అటు చివర్నుంచి ఇటు చివరిదాకా నడిచింది అక్కడ. 1935 చట్టంలో అమ్మకం, దిగుమతి రెండూ నిషేధం. 1971 మే 22న డబ్లిన్ నుంచి కొంతమంది ఆడవాళ్ళు రైలెక్కి సరిహద్దు దాటి ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్ వెళ్ళి కండోములు, జెల్లీలు కొనుక్కుని వచ్చారు, అందరూ చూస్తుండగా కస్టమ్స్ వాళ్ళ ముందు ఊపుతూ. మాత్రలు కూడా కొందామనుకున్నారు గానీ అక్కడ వాటికి డాక్టరు చీటీ కావాలి, అది లేదు, అందుకని ఆస్పిరిన్ పాకెట్లు కొని ఇవే ఆ మాత్రలు అని చూపించారు, కస్టమ్స్ వాళ్ళలో ఎవరికీ తేడా తెలీదు కదా. ఆ రైలు ఫొటోలు ఇప్పటికీ అందరికీ గుర్తే.

నాకు మాత్రం ఆ రైలు కన్నా అదే దేశంలో మేరీ మగీ అనే ఆవిడ ఎక్కువ గుర్తుంటుంది. ఆవిడకి నలుగురు పిల్లలు, అందులో కవలలు, అందరూ రెండేళ్ళ లోపు తేడాలో పుట్టినవాళ్ళు. గర్భంతో ఉన్నప్పుడు ప్రాణం మీదకి వచ్చింది, ఇంకోసారి గర్భం వస్తే నువ్వు బతకవని డాక్టర్లు చెప్పారు. భర్త చేపలు పట్టే పనివాడు, ఇల్లు ఒక చిన్న మొబైల్ ఇల్లు. డాక్టరే డయాఫ్రం, అంటే గర్భాశయ ముఖాన్ని కప్పే మెత్తటి మూత పెట్టి, దానికి వాడే జెల్లీ ఇంగ్లండు నుంచి తెప్పించుకోమంటే ఆ పార్సిల్ని కస్టమ్స్ పట్టేసింది. ఒక ట్యూబు జెల్లీ! ఆ ట్యూబు కోసం ఆవిడ ప్రభుత్వం మీద కేసు వేసింది, కింది కోర్టులో ఓడిపోయింది, 1973 డిసెంబరులో సుప్రీంకోర్టులో గెలిచింది. ఉద్యమాలు, సిద్ధాంతాలు ఆవిడకి దూరం, పిల్లల్ని పెంచడానికి తను బతికుండాలి అన్నదొక్కటే ఆవిడ వాదన.

మరి గెలిచాక ఏమైంది? ఆరేళ్ళు ఏమీ కాలేదు. 1979లో చట్టం చేశారు, అందులో కండోమ్‌కి కూడా డాక్టరు చీటీ కావాలి, అదీ నిజమైన కుటుంబ నియంత్రణ కోసమే అని డాక్టరుకి నమ్మకం కుదరాలి, మనస్సాక్షి ఒప్పుకోకపోతే డాక్టరు రాయక్కర్లేదు, షాపువాడు అమ్మక్కర్లేదు. ఆ చట్టం తెచ్చిన మంత్రి చార్లెస్ హౌహీ దాన్ని ఐరిష్ సమస్యకి ఐరిష్ పరిష్కారం అన్నాడు. చిన్న ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క డాక్టరు వద్దంటే, ఉన్న ఒకే ఒక్క మందుల షాపు వద్దంటే, నీ హక్కు ఏ గోడకి తగిలించుకోవాలి? చీటీ లేకుండా 18 ఏళ్ళు దాటినవాళ్ళకి కండోమ్ అమ్మొచ్చని 1985లో సవరించారు, అది 83కి 80 ఓట్లతో గట్టెక్కింది. అయినా 1991లో కూడా డబ్లిన్‌లో ఒక మ్యూజిక్ షాపులో కౌంటరు పెట్టి కండోములు అమ్మినందుకు కోర్టు జరిమానా వేసింది, ఎందుకంటే అక్కడ అమ్మడానికి ఆ చట్టంలో అనుమతి లేదు.

అనుమతి ఇవ్వడం వేరు, చేతికి అందించడం వేరు. ఫ్రాన్సులో 1920 నాటి నిషేధాన్ని ఎత్తేస్తూ లూసియన్ నువిర్త్ అనే పార్లమెంటు సభ్యుడు పట్టుబట్టి 1967 డిసెంబరులో చట్టం తెప్పించాడు, అయితే దాన్ని అమలు చేసే ఉత్తర్వులు పూర్తిగా రావడానికి 1972 దాకా లాగారు. ఐదేళ్ళు! ఐదేళ్ళంటే ఒక ఆడపిల్ల బడి నుంచి తల్లి అయ్యేంత కాలం. డబ్బు భారం తగ్గింది 1974లో, సిమోన్ వే మంత్రిగా ఉన్నప్పుడు వచ్చిన చట్టంతో. ఫిలిప్పీన్స్‌లో ఇంకా ఘోరం, అక్కడ పునరుత్పత్తి ఆరోగ్య బిల్లు పద్నాలుగేళ్ళు పార్లమెంటులో నలిగి నలిగి 2012 డిసెంబరులో సంతకం అయ్యింది, కోర్టు వెంటనే ఆపేసింది, 2014లో చాలావరకు చెల్లుతుందని చెప్పి కొన్ని ముఖ్యమైన సెక్షన్లు కొట్టేసింది, 2015లో చేతి చర్మం కింద పెట్టే గర్భనిరోధక ఇంప్లాంటు మీద మళ్ళీ స్టే వచ్చింది, అది తొలగడానికి ఇంకో రెండేళ్ళు. చట్టం గెజిట్‌లో ఉంది, ఆస్పత్రి గోడౌన్‌లో సరుకు కూడా ఉంది, ఇవ్వడానికి లేదు.

అందుకే నేను చూసే మొదటి విషయం చట్టంలో హక్కు అనే మాట ఎన్నిసార్లు ఉంది అన్నది కాదు, టైము గురించి ఏం రాశారన్నది. కలయిక జరిగిపోయాక గర్భం రాకుండా వేసుకునే ఎమర్జెన్సీ పిల్ సంగతి తీసుకుందాం. లెవోనార్జెస్ట్రెల్ అనే హార్మోను ఉన్న మాత్ర ఆ కలయిక తర్వాత 72 గంటల లోపల వేసుకోవాలి, ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది, ఎందుకంటే అది చేసే పని అండం విడుదలని ఆపడమో వాయిదా వెయ్యడమో, అండం విడుదలైపోయాక అది చెయ్యగలిగింది పెద్దగా లేదు. అప్పటికే నిలిచిన కడుపుని అది ఏమీ చెయ్యదు, కాబట్టి ఇది అబార్షన్ మాత్ర అని ప్రచారం చేసేవాళ్ళది శుద్ధ అబద్ధం. ఇప్పుడు శనివారం రాత్రి కండోమ్ చిరిగింది అనుకోండి. ఆదివారం క్లినిక్ లేదు, సోమవారం పొద్దున ఫోన్ చేస్తే సాయంత్రానికి రమ్మంటారు, చీటీ తీసుకుని షాపుకి వెళ్ళేసరికి నలభై గంటలు దాటిపోయాయి. ఈ మాత్రకి డాక్టరు చీటీ పెట్టడమంటే నిప్పంటుకున్నాక నీళ్ళకి దరఖాస్తు పెట్టుకోమనడమే. పోలండ్‌లో యులిప్రిస్టల్ అనే ఇంకో రకం ఎమర్జెన్సీ మాత్రకి 2017లో మళ్ళీ చీటీ తప్పనిసరి చేశారు. ఫ్రాన్సులో 2023 నుంచి ఎమర్జెన్సీ మాత్రలు ఏ వయసు వాళ్ళకైనా మందుల షాపులో చీటీ లేకుండా ఉచితం. ఒకే అవసరానికి వాడే మందుల మీద ఇంత తేడా ఉందంటే అది వైద్యశాస్త్రం వల్ల వచ్చింది కాదు.

రోజువారీ మాత్రల సంగతిలో వైద్యం వైపు వాదనకి కొంత బలం ఉంది, అది కాదనను. ఈస్ట్రోజెన్ అనే హార్మోను ఉన్న మాత్ర బీపీ ఎక్కువున్నవాళ్ళకి, 35 దాటి సిగరెట్ తాగేవాళ్ళకి, కళ్ళముందు మెరుపులొచ్చే రకం మైగ్రేన్ ఉన్నవాళ్ళకి మంచిది కాదు, రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. అందుకని నన్ను అడిగిన ఆ రెండు ప్రశ్నలు సరైనవే. వాటిని అడగడానికి తొమ్మిది రోజులు, ఒక డాక్టరు ఎందుకు? బీపీ మిషను మందుల షాపులో కూడా పనిచేస్తుంది, ఫార్మసిస్టుకి ఆ చదువు ఉంది, అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం 2015లోనే ఫార్మసిస్టే రాసిచ్చేలా చట్టం చేసింది. ఈస్ట్రోజెన్ లేని, ప్రొజెస్టిన్ అనే హార్మోను మాత్రమే ఉండే మాత్రకి ఆ పరీక్ష కూడా అంతగా అక్కర్లేదు, బ్రిటన్‌లో 2021లో, అమెరికాలో 2023లో అలాంటి మాత్రలకి చీటీ లేకుండా అమ్మే అనుమతి వచ్చింది. మాత్ర పుట్టిన 1960 నుంచి లెక్కేస్తే అరవై ఏళ్ళ పైమాటే. జపాన్‌లో అయితే ఆడవాళ్ళ మాత్రకి అనుమతి 1999లో గానీ రాలేదు, అదే ఏడాది మగవాళ్ళ వయాగ్రాకి ఆరు నెలల్లో ఇచ్చేశారు, అప్పుడు అక్కడి ఆడవాళ్ళు గట్టిగా అడిగాక ఇది కదిలింది. ఎవరి అవసరాన్ని ఎంత తొందరగా చూస్తారన్నదానికి ఇంతకన్నా సాక్ష్యం నాకక్కర్లేదు.

ఇంక చట్టంలో ఒకే ఒక్క వాక్యం రాసే అవకాశం నాకిస్తే, ఏడాదికి సరిపడా మాత్రలు ఒకేసారి ఇవ్వాలి అని రాస్తా. వినడానికి చాలా చిన్న విషయంలా ఉంటుంది. కాలిఫోర్నియాలో ప్రభుత్వ పథకం కింద మాత్రలు తీసుకున్న ఆడవాళ్ళ రికార్డులు చూసి 2011లో ఒక అధ్యయనం వేశారు, నెలకో మూడు నెలలకో ఇచ్చినవాళ్ళతో పోలిస్తే ఏడాది సరుకు ఒకేసారి ఇచ్చినవాళ్ళలో అనుకోని గర్భం వచ్చే అవకాశం 30 శాతం తక్కువ, అబార్షన్ అవసరం 46 శాతం తక్కువ. మందు అదే, ఆడవాళ్ళూ అలాంటివాళ్ళే, మారింది అట్టపెట్టె సైజు ఒక్కటే. వాగ్నర్ కాగితం మీద వారాల పేర్లు రాసినట్టు ఇది కూడా మనిషి మీద నింద వెయ్యకుండా మనిషికి సాయం చేసే పద్ధతి. ఆ లెక్కన నాకు ఆ 12 రోజుల విరామం వచ్చి ఉండేదే కాదు.

డబ్బు సంగతి. అమెరికాలో సెయింట్ లూయిస్ నగరంలో 2007 నుంచి 2011 వరకు 9 వేల మందికి పైగా ఆడవాళ్ళకి ఒక పరిశోధన కింద అన్ని పద్ధతుల గురించీ వివరంగా చెప్పి, ఏది కావాలంటే అది ఉచితంగా ఇచ్చారు. నలుగురిలో ముగ్గురు కాపర్ టీ లాంటి లూపో, ఇంప్లాంటో ఎంచుకున్నారు, అంటే అన్నిటికన్నా నమ్మకమైనవి, మొదట్లో ఖర్చు కూడా అన్నిటికన్నా ఎక్కువయ్యేవి. మామూలుగా అంతమంది వాటిని వాడకపోవడానికి కారణం ఇష్టం లేకపోవడం కాదన్నమాట, ఒకేసారి అంత డబ్బు తీయలేకపోవడం. ఉచితంగా ఇస్తే విచ్చలవిడితనం పెరుగుతుంది అంటారు కదా, ఆ మాట కూడా అక్కడే పరీక్షకి వచ్చింది, సంబంధాల సంఖ్య పెరగలేదు. బ్రిటన్ 1974 నుంచి వయసు, పెళ్ళి చూడకుండా ఉచితంగా ఇస్తోంది, కెనడాలో బ్రిటిష్ కొలంబియా 2023 ఏప్రిల్ నుంచి ఇస్తోంది, అక్కడ ఆకాశమేమీ విరిగిపడలేదు. ఒక కాన్పుకి, ఒక నెలలు నిండని బిడ్డని ఐసీయూలో పెట్టడానికి ప్రభుత్వానికి అయ్యే ఖర్చుతో పోల్చి చూస్తే ఇది ఖర్చు అనిపించదు. అసలు డబ్బు మిగలకపోయినా ఇవ్వాలనే అంటాను నేను.

ఇక్కడ ఇంకో వైపు చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధం అవుతుంది. ఆడవాళ్ళ గర్భం మీద ప్రభుత్వానికి ప్రేమ పుట్టినప్పుడల్లా జరిగింది మంచి కాదు. భారతదేశం 1952లోనే, ప్రపంచంలో అందరికన్నా ముందు, కుటుంబ నియంత్రణని జాతీయ కార్యక్రమంగా పెట్టుకుంది. అదే దేశంలో ఎమర్జెన్సీ సమయంలో 1976-77 ఒక్క ఏడాదిలో 80 లక్షలకి పైగా ఆపరేషన్లు చేశారు, ఎక్కువగా మగవాళ్ళకి, టార్గెట్లు పెట్టి, జీతాలు ఆపి, రేషన్ ఆపుతామని బెదిరించి. ఆ దెబ్బకి మగవాళ్ళ ఆపరేషన్ అన్న మాటే ఎవరూ ఎత్తకుండా అయిపోయి భారమంతా ఆడవాళ్ళ పొట్టమీద పడింది. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్ బిలాస్‌పూర్ జిల్లాలో ఒక క్యాంపులో కొన్ని గంటల్లో ఒకే డాక్టరు 83 మంది ఆడవాళ్ళకి ట్యూబెక్టమీ చేశాడు, పది మందికి పైగా చచ్చిపోయారు. అందులో చాలామంది పాతికా ముప్పై ఏళ్ళ వాళ్ళు, ఇంట్లో చంటిపిల్లల్ని వదిలి ఆ పూట క్యాంపుకి వచ్చినవాళ్ళు. 2016లో సుప్రీంకోర్టు ఈ క్యాంపులు మూడేళ్ళలో ఆపేయమని చెప్పాల్సొచ్చింది. పెరూలో ఫుజిమోరి అధ్యక్షుడిగా ఉన్న కాలంలో రెండు లక్షలకి పైగా ఆడవాళ్ళకి ఆపరేషన్లు చేశారు, వాళ్ళలో పల్లెల్లో ఉండే ఆదివాసీ ఆడవాళ్ళు చాలామంది, తమకేం చేస్తున్నారో సరిగ్గా తెలియనివాళ్ళు ఎందరో.

దీనికి తల్లకిందుల రూపం రొమేనియా. అక్కడ నియంత చౌషెస్కు 1966లో జనాభా పెరగాలని 770 నంబరు డిక్రీ తెచ్చి అబార్షన్ దాదాపు నిషేధించాడు, గర్భనిరోధకాలు దొరక్కుండా చేశాడు, దొంగచాటు అబార్షన్లతో తల్లుల మరణాలు యూరప్‌లో అన్ని దేశాలకన్నా పైకి పోయాయి, 1989 డిసెంబరులో ఆ ప్రభుత్వం కూలగానే రద్దు చేసిన మొదటి చట్టాల్లో అదొకటి. ఇరాన్ 2021లో మళ్ళీ జనాభా పెరగాలని చట్టం చేసి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇవ్వడం ఆపేయమంది. పిల్లలు వద్దని ఒకడు కోస్తాడు, పిల్లలు కావాలని ఇంకొకడు మాత్ర లాక్కుంటాడు, ఇద్దరి లెక్కలోనూ ఆ ఆడమనిషి ఒక అంకె.

అందుకే అందుబాటు చట్టంలో బలవంతం మీద నిషేధం కూడా అంతే గట్టిగా రాయాలి. ఉద్యోగులకి టార్గెట్లు ఉండకూడదు, ఆపరేషన్‌కి నగదు ఎర వెయ్యకూడదు, భర్త సంతకం అడగకూడదు. లూపు పెట్టించుకున్న మనిషి తీసేయమంటే కారణం అడక్కుండా ఆరోజే తియ్యాలి, దీని గురించి ఎవరూ మాట్లాడరు గానీ పెట్టడం ఉచితమై తీయడానికి డబ్బులడిగితే, ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టమ్మా అని పంపేస్తే అది కూడా బలవంతమే. మగవాళ్ళ వేసెక్టమీ కూడా ఉచితాల జాబితాలో ఉండి తీరాలి, అది ట్యూబెక్టమీ కన్నా చిన్నది, సులువైనది, అయినా ఆపరేషన్ అనగానే ఇంటిల్లిపాదీ ఆడమనిషి వైపే చూస్తారు.

మనస్సాక్షి గురించి ఒక మాట. ఒక డాక్టరుకో ఫార్మసిస్టుకో మతం ఒప్పుకోకపోవచ్చు, ఆ మనిషిని బలవంతపెట్టమని నేను అనను. అయితే సంస్థకి మనస్సాక్షి ఉండదు. ఒకరు ఇవ్వనంటే అదే షాపులో, అదే ఆస్పత్రిలో, అదే పూట ఇచ్చే ఇంకొకరు ఉండేలా చూడటం సంస్థ బాధ్యత అని చట్టంలో ఉండాలి. అమెరికాలో 2014లో యజమాని మత విశ్వాసం కారణంగా ఉద్యోగుల ఇన్సూరెన్సులో కొన్ని గర్భనిరోధకాలు తీసేయొచ్చని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది, అంటే వాడేది ఒకరు, నమ్మకం ఇంకొకరిది. కోర్టు తీర్పుల మీద మాత్రమే ఆధారపడితే ఎలా ఉంటుందో కూడా అక్కడే చూశాం, 2022 జూన్‌లో అబార్షన్ హక్కు పోయిన రోజున జస్టిస్ థామస్ తన అభిప్రాయంలో 1965 నాటి గ్రిస్‌వోల్డ్ తీర్పుని కూడా మళ్ళీ చూడాలని రాశాడు. ఆ భయంతో తెచ్చిన గర్భనిరోధక హక్కు బిల్లు దిగువ సభలో నెగ్గింది, సెనేట్‌లో 2024 జూన్‌లో 51కి 39 ఓట్లు పడ్డా కావాల్సిన 60 రాక ఆగిపోయింది. కోర్టు ఇచ్చింది కోర్టు తీసుకోగలదు, కాబట్టి సభలో కూర్చుని వాక్యం వాక్యం రాసుకోవాల్సిందే.

ఐర్లండ్ దగ్గరికి మళ్ళీ వస్తా. కండోమ్‌కి డాక్టరు చీటీ అడిగిన ఆ దేశమే 2022 సెప్టెంబరులో 17 నుంచి 25 ఏళ్ళ వాళ్ళకి డాక్టరు ఫీజు, మాత్ర, లూపు, ఇంప్లాంటు, అది పెట్టడం, తీయడం అన్నీ ఉచితం చేసింది. తర్వాత వయసు కొంచెం కొంచెం పెంచుకుంటూ 2024 జూలైకి 35 దాకా తెచ్చింది. తీయడం కూడా ఉచితం అని విడిగా రాశారు చూడండి, ఆ ఒక్క మాట చూసి ఆ పథకం రాసినవాళ్ళు ఆడవాళ్ళతో కూర్చుని మాట్లాడారని నాకనిపించింది. కానీ 36వ పుట్టినరోజు దాటిన మనిషికి ఇంకా పదీ పదిహేనేళ్ళు నెలసరి వస్తుంది, గర్భం వస్తే ప్రమాదం కూడా ఆ వయసులోనే ఎక్కువ, ఆ వయసులోనే మాత్ర పడక లూపుకో ఇంప్లాంటుకో మారాల్సొచ్చేది కూడా. ఆ గీత 35 దగ్గర ఎందుకు గీశారు?